సున్నపురాళ్ళ మధ్య మా పిల్లల బడి

2008 జనవరిలో ఆ దారిన మొదటిసారి వెళ్ళినప్పుడు నాకు కన్నీళ్ళు ఆగలేదు. ఐర్లండ్ పడమటి అంచున కౌంటీ క్లేర్. ఎనిస్ పట్నం దాటి ఉత్తరంగా వెళ్తుంటే పచ్చిక బయళ్ళు పలచబడుతూ పోయి, చివరికి కొండలన్నీ బోడిబండలై కనిపించాయి. సన్నగా వాన. సాయంత్రం ఐదు కాకముందే చీకటి. వెనక సీట్లో నాలుగేళ్ళ పెద్దపిల్ల, ఏడాదిన్నర చిన్నోడు నిద్రపోతున్నారు. దగ్గర్లో ముసలివాళ్ళను చూసుకునే ఒక నర్సింగ్ హోమ్‌లో నాకు నర్సు ఉద్యోగం. దానికోసమే అంత దూరం వచ్చాం.

"రాళ్ళు నీకు కొత్తేం కాదు కదా" అన్నాడు మా ఆయన. నిజమే. మాది బేతంచర్ల దగ్గర పల్లె. నాపరాళ్ళ గనుల మధ్య పుట్టి పెరిగాను. కానీ మా ఊళ్ళో రాయి కింద ఉంటుంది, పైన చేను ఉంటుంది. ఇక్కడ చేను ఎటు పోయిందో గానీ రాయి ఒక్కటే మిగిలింది. ఈ నేలమీద నా పిల్లలకు ఏం దొరుకుతుంది అని భయమేసింది.

ఆ ప్రాంతం పేరు బరెన్. ఐరిష్ భాషలో ఆ మాటకు రాతినేల అనే అర్థం. దాని అంచున ఒక చిన్న ఊళ్ళో పన్నెండేళ్ళు ఉన్నాం. ఇప్పుడు గాల్వేలో ఉంటున్నాం గానీ, మా పిల్లల్ని "మీదే ఊరు?" అని ఎవరైనా అడిగితే ఇద్దరూ ఆ ఊరి పేరే చెబుతారు. అలా ఎందుకు చెబుతారో రాయాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను.

ఊళ్ళో బడికి రెండే గదులు, ఇద్దరే టీచర్లు, నలభైకి లోపు పిల్లలు. పెద్దపిల్ల అందులో చేరిన కొన్నాళ్ళకే ఒక విషయం గమనించాను. ఆ బడిలో పిల్లలు వారానికోసారైనా బయట తిరుగుతారు. వాన పడితే రెయిన్‌కోటు, రబ్బరు బూట్లు వేసుకుని మరీ వెళ్తారు. ఊరి రైతులో, మొక్కలు తెలిసినవాళ్ళో, పాత కట్టడాలు చదివినవాళ్ళో ఎవరో ఒకరు వెంట ఉంటారు. ఇలాంటివాళ్ళను బడులకు పంపే ఏర్పాటు ఆ దేశంలో ప్రభుత్వపు హెరిటేజ్ కౌన్సిల్ చేస్తుంది. బరెన్‌లో అయితే స్థానికులే పెట్టుకున్న బరెన్‌బియో అనే ట్రస్టు కూడా పిల్లలకు తమ ప్రాంతం గురించి పాఠాలు చెబుతుంది. పిల్లల చెయ్యి పట్టుకుని నడవడానికి తల్లులు కావాలి కాబట్టి నైట్ డ్యూటీ దిగి నేనూ వెళ్ళేదాన్ని. నిద్ర కంటే అదే బాగుండేది.

మొదటి నడకలోనే టీచర్ ఒక పాత మాట చెప్పింది. 1651లో ఇంగ్లండ్ సేనాని క్రామ్‌వెల్ సైన్యంతో వచ్చిన ఎడ్మండ్ లడ్లో అనే అధికారి బరెన్ గురించి రాసుకున్న మాట. మనిషిని ముంచడానికి ఇక్కడ నీళ్ళు లేవు, ఉరి తీయడానికి చెట్టు లేదు, పూడ్చడానికి మట్టి లేదు. పిల్లలు బిక్కమొహాలు వేశారు. ఒక దేశాన్ని ఆక్రమించడానికి వచ్చినవాడు నేలను చూసిన చూపు అది. అప్పుడు మాతో వచ్చిన రైతు, డెబ్భై ఏళ్ళు దాటిన పెద్దాయన, చేయెత్తి ఆపాడు. "అందరూ ఇంతవరకే చెబుతారు. ఆయన ఆ తర్వాత ఏం రాశాడో చెప్పండి" అన్నాడు. టీచర్ చెప్పింది. అయినా ఇక్కడి పశువులు బాగా కొవ్వెక్కి ఉన్నాయి, ఎందుకంటే రాళ్ళ సందుల్లో మొలిచే గడ్డి తియ్యగా, బలంగా ఉంటుంది అని రాశాడట. "మా పశువుల గురించి శత్రువు కూడా అబద్ధం చెప్పలేకపోయాడు" అని ఆయన ఎంత గర్వంగా అన్నాడో!

పిల్లల్ని బండమీద బోర్లా పడుకోమన్నాడు. బండల మధ్య జానెడో మూరెడో వెడల్పు ఉన్న లోతైన చీలికలుంటాయి. వాటిని గ్రైక్‌లు అంటారు, వాటి మధ్య పలకల్లా మిగిలిన బండలు క్లింట్‌లు. వానచుక్కలో ఉండే కొద్దిపాటి ఆమ్లం వేల ఏళ్ళుగా సున్నపురాయిని కరిగించుకుంటూ పోతే ఏర్పడ్డ చీలికలవి. పైన చూస్తే ఎండిన రాయి. తలపెట్టి చూస్తే లోపల ఇంకో లోకం! చల్లగా, తడిగా, నిండా ఫెర్న్ ఆకులు, నాచు, సన్నటి తీగలు. మా పెద్దది లోపలికి చూస్తూ నా చీరకొంగు కోసం వెతికినట్టు చెయ్యి చాచి, "అమ్మా, లోపల తోట ఉంది" అంది. ఆ మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది.

ఇంకోసారి ఒక బండమీద మణికట్టంత వెడల్పున తెల్లటి చారలు చూపించారు. అవి పగడాలు. ఇంకోచోట ఆల్చిప్పల ముద్రలు. సుమారు 33 కోట్ల ఏళ్ళ కింద ఈ రాయి భూమధ్యరేఖకు దగ్గర్లో, వెచ్చటి సముద్రం అడుగున పేరుకున్న గుల్లల పొర. నేల కదిలి కదిలి ఇంత ఉత్తరానికి వచ్చింది. "అయితే ఇది కూడా మనలాగే వెచ్చని చోటు నుంచి వచ్చిందన్నమాట" అన్నాడు చిన్నోడు. అప్పుడు వాడికి ఆరేళ్ళు. మా టీచర్ ఆ మాటను పలకమీద రాసి, దాని కింద వాడి పేరు రాసింది. ఆ రోజు ఇంటికొచ్చాక నేను మా బేతంచర్ల బండల గురించి చదివాను. వాటిలో గుల్లలుండవు. ఇలాంటి జీవులు పుట్టకముందే పేరుకున్న రాయి అది. పాతికేళ్ళు ఆ బండలమీద నడిచాను, వాటిమీదే కూర్చుని అన్నం తిన్నాను. వాటి వయసెంత అని ఒక్కసారి కూడా అడగలేదు.

ఏప్రిల్ చివర, మే మొదట్లో బరెన్‌కు వెళ్ళాలి. రాళ్ళ సందుల్లో పిడికెడు మట్టి ఉన్న ప్రతిచోటా పువ్వే. అన్నిటికంటే ముందు చెప్పాల్సింది స్ప్రింగ్ జెన్షియన్. గోరంత మొక్క, చిటికెనవేలి గోరుకంటే కొంచెం పెద్ద పువ్వు. కానీ ఆ నీలం! పాలపిట్ట రెక్క విప్పినప్పుడు లోపల మెరిసే నీలం ఉంటుందే, దానికి దగ్గర. ఆల్ప్స్ కొండల్లో పూసే ఈ పువ్వు ఇక్కడ సముద్రపు ఒడ్డు దాకా పూస్తుంది. దాని పక్కనే మధ్యధరా ప్రాంతంలో పెరిగే ఆర్కిడ్. చలిదేశం మొక్క, వేడిదేశం మొక్క ఒకే బండమీద బతకడం యూరప్‌లోనే అరుదట. బడిలో ఒక నియమం ఉండేది. పువ్వును కొయ్యకూడదు, దాని ముందు మోకాళ్ళమీద కూర్చుని బొమ్మ వెయ్యాలి. పెద్దదాని నోటుబుక్కులో ఒక్క జెన్షియన్ బొమ్మలే పదకొండున్నాయి. ఏ ఏడాది ఏ తేదీన మొదటి పువ్వు కనిపించిందో వాటి కింద రాసి ఉంది.

అన్ని పువ్వులు అక్కడెందుకు బతికున్నాయో ఆ రైతు చెప్పిన సంగతి నాకు చాలా ఇష్టం. మిగతా ఊళ్ళలో పశువులను వేసవిలో కొండకు తోలి చలికాలం కిందికి దింపుతారు. బరెన్‌లో తిరగబడింది. అక్టోబరు చివర పశువులను కొండెక్కించి చలికాలమంతా అక్కడే ఉంచుతారు. దీన్ని వింటరేజ్ అంటారు. సున్నపురాయి వేసవి వేడిని దాచుకుంటుంది, అందుకని చలిలో కూడా గడ్డి పూర్తిగా చావదు, కాళ్ళ కింద బురద ఉండదు. వేసవిలో పశువు పైన ఉండదు కాబట్టి పువ్వు నిశ్చింతగా పూసి విత్తనం రాలుస్తుంది. చలికాలంలో పశువు వచ్చి ముదురు గడ్డిని మేసేస్తుంది కాబట్టి మరుసటి ఏడు మొక్కకు వెలుగు తగులుతుంది. మధ్యలో కొన్నేళ్ళు రైతులు పశువుల్ని కొట్టాల్లో కట్టేసి మేత కొనిపెట్టడం మొదలుపెడితే, హేజెల్ పొదలు పెరిగి పువ్వుల నేలను కప్పేయసాగాయి. పొలాన్ని అలా వదిలేస్తే ప్రకృతి బాగుపడుతుందని నేను అనుకునేదాన్ని. ఇక్కడ ఆవు మేయకపోతే పువ్వు పోతుంది. ఇప్పుడు ప్రతి అక్టోబరు చివరి వారాంతంలో పశువుల్ని కొండెక్కించడాన్ని పండగలా చేస్తారు. వందలమంది ఆవుల వెనక నడుస్తారు. ఒక ఏడాది చిన్నోడికి ఆ పెద్దాయన చేతికర్ర ఇచ్చి మందను తోలమన్నాడు. అరిచి అరిచి గొంతు పోయి ఇంటికొచ్చాడు వాడు. ఏనుగెక్కి వచ్చినంత సంబరం.

ఈ బండలు మొదటినుంచీ బోడిబండలు కావని కూడా పిల్లలే నాకు చెప్పారు. ఒకప్పుడు ఇక్కడ మట్టి ఉంది, పైన్ చెట్లున్నాయి. సుమారు ఆరువేల ఏళ్ళ కింద వచ్చిన మొదటి రైతులు చెట్లు కొట్టి చేలు చేసుకున్నారు. వేర్లు పోయాక వానలకు మట్టి చీలికల్లోకి కొట్టుకుపోయింది. ఆ మొదటి రైతుల సమాధే పౌల్‌నబ్రోన్.

పౌల్‌నబ్రోన్ బొమ్మ చూడనివాళ్ళు ఐర్లండ్‌లో ఉండరు. నిలువురాళ్ళ మీద ఒక పెద్ద పలకరాయి, పక్షి ఎగరబోతున్నట్టు వాలుగా. 1985లో ఒక నిలువురాయికి బీట కనిపించింది. దాన్ని మార్చడం కోసం తవ్వితే లోపల ముప్పైమందికి పైగా మనుషుల ఎముకలు దొరికాయి. టీచర్ ఆ ఎముకలు చెప్పిన కథ పిల్లలకు వివరించింది. బరువులు మోసి మోసి అరిగిన మెడలు, భుజాలు. చాలామంది ముప్పై ఏళ్ళు కూడా దాటలేదు. ఒకరి తుంటి ఎముకలో బాణపు మొన విరిగి ఉండిపోయింది. పిల్లలు భయపడతారేమో అనుకున్నాను. భయపడలేదు. ఒక పాప మాత్రం "వాళ్ళకు బాగా నొప్పిగా ఉండేదా?" అని నన్ను అడిగింది, నేను నర్సునని తెలుసు కాబట్టి. ఉండేదమ్మా అన్నాను. ఆ పాప వెళ్ళి ఆ రాయిమీద అరచెయ్యి పెట్టి నిలబడింది.

ఆ పేరు సంగతి కూడా చెప్పాలి. పర్యాటకులకు చాలామంది ‘దుఃఖాల గుంట’ అని అర్థం చెబుతారు, ఎందుకంటే ఐరిష్‌లో బ్రోన్ అంటే దుఃఖం. కానీ బ్రో అంటే తిరగలి. ‘తిరగలిది’ అని చెప్పాలంటే అదీ బ్రోన్ అనే అవుతుంది. ఆ ఊరి పేరు నిజానికి తిరగలి గుంట. తిరగలి అంటే ఏంటి అని పిల్లలు టీచర్ను అడుగుతుంటే, నేను ముందుకొచ్చి నేలమీద కూర్చుని చేత్తో తిప్పి చూపించాను. మా అవ్వ జొన్నలు విసిరే ఇసుర్రాయి గురించి చెప్పాను. అప్పటిదాకా నేను పిల్లల చెయ్యి పట్టుకునే మనిషిని మాత్రమే. ఆ రోజు నాకూ చెప్పడానికి ఒక మాట దొరికింది.

2020 జూన్‌లో, పెద్దదానికి పదహారేళ్ళప్పుడు, ఫోన్ పట్టుకుని వంటింట్లోకి పరిగెత్తుకొచ్చింది. డబ్లిన్ ట్రినిటీ కాలేజీ శాస్త్రవేత్తలు పౌల్‌నబ్రోన్ ఎముకల డీఎన్‌ఏ చదివారు. వాటిలో ఆరు నెలల మగబిడ్డకు డౌన్ సిండ్రోమ్, అంటే పుట్టుకతోనే బుద్ధి ఎదుగుదల నెమ్మదిగా ఉండే స్థితి, ఉందని తేలింది. సుమారు 5,500 ఏళ్ళ కిందటి బిడ్డ. తల్లిపాలు తాగాడని కూడా ఎముకే చెప్పింది. అంత గొప్పగా కట్టిన సమాధిలో ఆ బిడ్డకు చోటిచ్చారు. నేను స్టవ్ ఆపేసి కూర్చున్నాను. మా చిన్నాన్నకు అలాంటి కూతురే ఉండేది. ఇంటికి కొత్తవాళ్ళు వస్తే దాన్ని వెనక గదిలో ఉంచేవాళ్ళు. పెద్దదానికి ఆ సంగతి మొదటిసారి ఆ రోజే చెప్పాను. అది చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ ఆదివారం ఇద్దరం మళ్ళీ పౌల్‌నబ్రోన్‌కు వెళ్ళాం.

చిన్నోడికి మాత్రం ఎముకల కంటే కథలు ఇష్టం. స్లీవ్ కరన్ కొండ కింద హేజెల్ చెట్ల మధ్య ఒక పాడుబడ్డ చిన్న గుడి, పక్కన ఊటబావి, పైన గుహ ఉన్నాయి. కోల్మన్ మక్ డూవా అనే మునిలాంటి ఆయన ఏడేళ్ళు అక్కడ ఉన్నాడట. ఆయన ఆస్తి మూడే జీవాలు. ప్రార్థన వేళకు లేపడానికి ఒక కోడిపుంజు. మళ్ళీ కునుకు పట్టకుండా చెవి దగ్గర గీకడానికి ఒక ఎలుక. చదువుతూ చదువుతూ ఆపితే ఆ అక్షరంమీదే వాలి ఉండడానికి ఒక ఈగ. ఈస్టర్ రోజు శిష్యుడికి ఆకలి వేసింది. అదే వేళకు కిన్వరాలో గ్వైరే రాజు విందుకు కూర్చున్నాడు. చూస్తుండగానే పళ్ళేలు గాల్లోకి లేచి కొండవైపు ఎగిరిపోయాయి! రాజు, పరివారం గుర్రాలెక్కి వెంటపడ్డారు. దగ్గరికొచ్చేసరికి గుర్రాల కాళ్ళు బండకు అతుక్కుపోయాయి. ఆ గుర్తులంటూ ఇప్పటికీ బండమీద గుంటలు చూపిస్తారు. ఆ దారి పేరు బోహర్ నా మీస్, అంటే పళ్ళేల దారి. అన్నేళ్ళ ఉపవాసం తర్వాత శిష్యుడు ఒక్కసారిగా అంత తిని అక్కడే చనిపోయాడట. అతని సమాధి దగ్గర చిన్నోడు తన బిస్కెట్ ఒకటి పెట్టి వచ్చాడు.

ఈ కథ విన్నాక కొన్నాళ్ళు మా ఇంట్లో ఈగను కొట్టనిచ్చేవాడు కాదు.

వాడికి నిజంగా మతిపోయింది మాత్రం టర్లాక్ దగ్గర. కరన్ ఊరి కింద పెద్ద పచ్చిక మైదానం ఉంది. సెప్టెంబరులో బడి పిల్లలతో వెళ్ళినప్పుడు అందులో ఆవులు మేస్తున్నాయి, పిల్లలు పరుగుపందేలు పెట్టుకున్నారు. జనవరిలో వెళ్ళేసరికి అక్కడ చెరువు! దానిమీద ఐస్‌లండ్ నుంచి చలికాలం గడపడానికి వచ్చిన తెల్లటి హంసలు. ఏరు లేదు, కాలువ లేదు. వానలు ఎక్కువై నేల కింద నీటిమట్టం పెరిగితే, అడుగున ఉన్న రంధ్రాల్లోంచి నీళ్ళు పైకి ఉబికి వస్తాయి. ఎండాకాలానికి మళ్ళీ అవే రంధ్రాల్లోంచి దిగిపోతాయి. టర్లాక్ అన్నది ఐరిష్ మాట, ఎండిన సరస్సు అని అర్థం. ప్రపంచంలో భూగర్భ శాస్త్రవేత్తలంతా దాన్ని ఆ పేరుతోనే పిలుస్తారు. నీళ్ళు ఎంతవరకు వస్తాయో తెలుసుకోవాలంటే రాతిగోడలమీద నల్లటి నాచు చూడాలని రైతు నేర్పాడు. ఆ గీత కింద ఇల్లు కట్టొద్దు అని పిల్లలకు గట్టిగా చెప్పాడు.

కరువు గురించి ఆ బడిలో తప్పించుకోలేదు. 1845 నుంచి వరసగా బంగాళాదుంప పంటకు తెగులు తగిలి, దాదాపు పదిలక్షలమంది ఆకలితో, జబ్బులతో చచ్చిపోయారు. ఇంకో పదిలక్షలమంది ఓడలెక్కి వెళ్ళిపోయారు. కొండ నిట్టనిలువుగా పైదాకా ఎక్కి ఏ పొలాన్నీ చుట్టకుండా ఆగిపోయే రాతిగోడలు కొన్ని ఉన్నాయి. పిడికెడు కూలి కోసం ఆ రోజుల్లో కట్టినవని ఊళ్ళో చెబుతారు. మా అవ్వ వాళ్ళ పెద్దల నోట విన్న ధాత కరువు మాటలు నాకు గుర్తొచ్చాయి. 1876లో మొదలైన ఆ కరువులో మా సీమ ఊళ్ళకు ఊళ్ళే ఖాళీ అయ్యాయి. ఆ గోడ పక్కన నిలబడి ఆ సంగతి చెబితే, ఐరిష్ పిల్లలు ఎంత శ్రద్ధగా విన్నారో! అక్కడా గోడలు కట్టించారా అని అడిగారు. చెరువుకట్టలు, కాలువలు తవ్వించారు అని చెప్పాను.

ఆ ఘోరమైన 1847లోనే కరన్‌లో ఐరిష్ మాట్లాడే పేదింట్లో మైకేల్ క్యూసాక్ పుట్టాడు. 1884లో గేలిక్ ఆటల సంఘాన్ని పెట్టిన వాళ్ళలో ముఖ్యుడు ఆయనే. కర్రలతో బంతిని కొట్టే హర్లింగ్ ఆట ఇప్పుడు ఊరూరా బతికి ఉందంటే ఆ సంఘం వల్లే. 2013లో క్లేర్ జట్టు ఆల్ ఐర్లండ్ హర్లింగ్ పోటీ గెలిచినప్పుడు మా ఊరంతా కాషాయం, నీలం జెండాలు. మా చిన్నోడు వారం రోజులు ఆ చొక్కా విప్పలేదు. ఆ ఆట కర్రను ఆష్ చెట్టు మొదలుతో చేస్తారు, అక్కడి వంపే కర్రకు బలం. ఆ చెట్లకు పట్టిన శిలీంధ్రపు తెగులు 2012లో ఐర్లండ్‌లో బయటపడింది. ఇప్పుడు దారిపక్కన ఎండిన ఆష్ కొమ్మలు చూస్తే వాడు కారు ఆపమంటాడు.

ఇక మా నర్సింగ్ హోమ్‌లో ఉండిన ఒక అవ్వ గురించి.

2013 వసంతంలో బడి పిల్లలకు ఒక పని ఇచ్చారు. ఊళ్ళో పెద్దవాళ్ళ దగ్గర కూర్చుని వాళ్ళ చిన్నతనం గురించి అడిగి రాసుకురావాలి. 1937 నుంచి 1939 దాకా దేశమంతా ఇలాగే చేశారు. ఐరిష్ ఫోక్‌లోర్ కమిషన్ సుమారు 5,000 బడులకు కబురు పంపితే, దాదాపు 50,000 మంది పిల్లలు వ్యాసరచన పీరియడ్ బదులు తాతల్ని, అవ్వల్ని అడిగి కథలు, వైద్యాలు, ఊటబావుల సంగతులు, వాన గుర్తులు రాశారు. మొత్తం 7,40,000 పేజీలు! ఇంత పెద్ద పని పిల్లల చేతిలో పెట్టడానికి ఎంత నమ్మకం ఉండాలి! తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

మా నర్సింగ్ హోమ్‌లో 87 ఏళ్ళ ఒకామె ఉండేది. అక్కడ ఎంత పెద్దవాళ్ళనైనా పేరు పెట్టే పిలుస్తారు. నాకు నోరు రాలేదు. మా భాషలో అవ్వా అంటాం, అలా పిలవనా అని అడిగితే, అర్థం తెలుసుకుని సరేనంది. ఆమె అనుమతి, వాళ్ళింటివాళ్ళ అనుమతి తీసుకుని పెద్దదాన్ని తీసుకెళ్ళాను. తొమ్మిదేళ్ళ పిల్ల, పెన్సిలు చెక్కుకుని, "మీ చిన్నప్పటి సంగతి ఏదైనా చెప్పండి" అంది. అవ్వ చాలాసేపు కిటికీ బయటకు చూసి, "నేనూ నీలాగే నోటుబుక్కు పట్టుకుని మా నాయనమ్మ దగ్గర కూర్చున్నాను" అంది. 1938లో ఆమెకు పన్నెండేళ్ళు. ఆ 50,000 మందిలో ఆమె ఒకరు.

ఆమె చల్ల చిలకడం గురించి చెప్పింది. నిలువు చెక్కపీపాలో కవ్వపు కర్రను పైకీ కిందికీ కొడుతూ చిలికేవాళ్ళట. ఆ సమయంలో ఇంట్లోకి ఎవరొచ్చినా, పోస్టుమ్యాన్ అయినా సరే, కర్ర పట్టుకుని నాలుగు పోట్లు వేసి తీరాలి. వెయ్యకుండా వెళ్తే వెన్న అదృష్టం వాళ్ళతో పోతుంది. ఊటబావి పక్కనున్న ముళ్ళచెట్టుకు గుడ్డపీలికలు కట్టి కళ్ళజబ్బు తగ్గాలని మొక్కుకునేవాళ్ళట. మేమూ ముడుపులు కడతాం అని మా పిల్ల చెప్పింది, నేను చెప్పింది గుర్తుపెట్టుకుని. ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని కూర్చున్నారు. నేను మందుల ట్రే పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయాను.

"నేను రాసింది ఎక్కడుందో, ఉందో లేదో" అంది అవ్వ చివర్లో.

2014 చలికాలంలో ఆమె పోయింది. తర్వాత కొన్నేళ్ళకు ఆ పేజీలన్నీ స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో పెట్టారు. ఎవరైనా ఊరి పేరు కొట్టి చదువుకోవచ్చు. పెద్దది ఒక రాత్రి మా ఊరి బడి పేజీలు తిప్పుతూ అవ్వ పేరు దగ్గర ఆగింది. గుండ్రటి, ఏటవాలు దస్తూరి. చల్ల చిలకడం. వచ్చినవాళ్ళు నాలుగు పోట్లు వేసి తీరాలి. పోస్టుమ్యాన్ అయినా సరే. డెబ్భై అయిదేళ్ళ తర్వాత మా పిల్లకు చెప్పినప్పుడు ఒక్క మాట మారలేదు. పెద్దది తన పచ్చ అట్ట నోటుబుక్కు తెచ్చి ఆ స్క్రీన్ పక్కన పెట్టి రెండూ కలిపి చదివింది. నాకు చదవడం చేతకాలేదు, కళ్ళు మసకలయ్యాయి.

ఆ రైతు పెద్దాయన పొలాల్లో ప్రతి మడికీ ఒక పేరుండేది. బావి మడి, గుడ్డి గుర్రం మడి, కోకిల మడి. పేరు చెప్పి దాని వెనక సంగతి చెప్పేవాడు. ఒకసారి చిన్నోడు నన్నడిగాడు, "అమ్మా, బేతంచర్ల అవ్వ వాళ్ళ చేలకి పేర్లున్నాయా?" నాకు రెండే గుర్తొచ్చాయి. మిగతావి ఉన్నాయని తెలుసు, నాయన నోట రోజూ విన్నవే. గుర్తు మాత్రం లేవు.

2015 వేసవి సెలవులకు బేతంచర్ల వెళ్ళాలని టికెట్లు కొన్నాం. వెళ్ళే ముందే చిన్నోడు ఒక ఆదివారం మా అమ్మకు ఫోన్ చేసి, వచ్చీరాని తెలుగులో పేర్లు అడగడం మొదలుపెట్టాడు. నోటుబుక్కులో కొత్త పేజీ తీసి, నేను చెబుతుంటే తెలుగు అక్షరాలు ఒక్కొక్కటే దిద్దాడు. బండమీది చేను. ఈతచెట్ల మడి. గుండ్లవంక చేను. వాటిలో రెండు ఇప్పుడు గనులైపోయాయని అమ్మ చెప్పింది. అయినా రాయిరా నాయనా, పేరు ఎక్కడికి పోతుంది అంది. అయిదు రాశాక ఆగింది. వాగు అవతల మూల చేను ఒకటుండేది, దాని పేరు నోట్లోనే ఉంది గానీ రావడం లేదు అంది. వాడు ఆరు అని అంకె వేసి, పక్కన ఖాళీ వదిలాడు.

ఆ రాత్రి పన్నెండున్నరకు ఫోన్ మోగింది. అక్కడ తెల్లవారుజామున అయిదు. ఎవరికేమైందో అని నా గుండె జారిపోయింది. అమ్మ గొంతు మాత్రం హుషారుగా ఉంది.

"పిల్లోన్ని లేపు. గుర్తొచ్చింది. కవ్వంగుట్ట చేను."